కత్తి నీ చేతిలో, గీత వాడి చేతిలో

చి. సౌ. మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ఫోటో అందాయి. రాత్రి రెండు గంటల దాకా కూర్చుని నువ్వు చేసిన అట్ట రాకెట్ చాలా బాగుంది. అంచులు ఎంత ఓపికగా కలిపావో చూడగానే తెలుస్తోంది. కానీ ఆ ఫోటోలో నా చూపు రాకెట్ మీద నిలవలేదు. పక్కన బాబు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు, అక్కడ ఆగిపోయింది. "ముట్టుకోకు, ఊడిపోతుంది" అని ఎవరో చెప్పి ఉంటారు. ఆ రెండు చేతుల గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఖాళీ డబ్బాలతో ఏమేం చేయవచ్చో ఒక పది రాసి పంపమని అడిగావు. ముప్పై ఒక్క ఏళ్లు మూడు నుంచి ఆరేళ్ల పిల్లల మధ్యే గడిపాను కాబట్టి పది కాదు, వంద రాయగలను. అయితే అలాంటి పట్టిక పంపానంటే నువ్వు మళ్లీ రాత్రుళ్లు మేలుకుంటావు, వాడు మళ్లీ చేతులు కట్టుకుని నిలబడతాడు. అందుకని వేరే సంగతులు రాస్తాను. ఏది దాచాలి, ఏది పారేయాలి, ఎలా సిద్ధం చేయాలి, వాడు ఆడుతున్నంతసేపూ నువ్వు ఎక్కడ కూర్చోవాలి, ఇవన్నమాట. ఏం చేయాలన్నది వాడు చూసుకుంటాడు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు నేనూ ఒక బస్సు చేశాను. నాలుగు పెద్ద అట్టపెట్టెలు, రెండు ఆదివారాలు పట్టాయి. కిటికీలకు తెరలు కూడా పెట్టాను. మొదటి రోజు పిల్లలు కేరింతలు కొట్టారు. మూడో రోజు ఒక పాప పైకప్పుకు ఆనుకుంటే అది కుంగిపోయింది. నేను ఆ పాప మీద గట్టిగా అరిచాను. ఆ ఏడాదంతా ఆ పిల్ల అట్టపెట్టెల దగ్గరికి రాలేదు. ఆ బస్సు పిల్లలది కాదని, నాదని, అందుకే అది కుంగితే నాకు అంత కోపం వచ్చిందని అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. తమ చేతులతో చేసుకున్నదాన్ని పిల్లలు తామే పడగొడతారు, కాసేపు ఏడుస్తారు, మళ్లీ కడతారు. ఆ పాపకు నేను ఆ అవకాశం ఇవ్వలేదు. ఇప్పటికీ ఆ ముఖం గుర్తుంది నాకు.

తర్వాత చదువుకుంటూ ఉంటే ఇదే మాట చెప్పినవాళ్లు కనిపించారు. 1971లో సైమన్ నికల్సన్ అనే ఆయన ఒక వ్యాసం రాశాడు. కదిలించగలిగినవి, కలపగలిగినవి, విడదీయగలిగినవి ఒక చోట ఎన్ని ఎక్కువగా, ఎన్ని రకాలుగా ఉంటే అక్కడ కొత్తది కనిపెట్టే వీలు అంత ఎక్కువ అన్నది ఆయన వాదన. చిన్నపిల్లల బడుల్లో పనిచేసేవాళ్లు దాన్ని విడిభాగాల సిద్ధాంతం అంటారు. అంతకు చాలా ముందే డెన్మార్క్‌లో సోరెన్‌సెన్ అనే ఆయన, ఉద్యానవనాల రూపకల్పన ఆయన వృత్తి, ఒక సంగతి గమనించాడు. తీర్చిదిద్దిన ఆటస్థలాలను వదిలేసి పిల్లలు ఇళ్లు కడుతున్న చోట పడి ఉన్న చెక్కముక్కలతో ఆడుకుంటున్నారు. ఆయన ఆలోచన నుంచే 1943లో కోపెన్‌హేగన్‌లోని ఎమ్‌డ్రప్‌లో పాత సామాను నిండిన ఆటస్థలం ఒకటి మొదలైంది. అమెరికాలో గొప్ప ఆటవస్తువులను ఎంపిక చేసి గౌరవించే నేషనల్ టాయ్ హాల్ ఆఫ్ ఫేమ్ 2005లో అట్టపెట్టెకు చోటిచ్చింది, 2008లో మామూలు కర్రపుల్లకూ ఇచ్చింది. ఈ లెక్కన నీ రాకెట్‌ను ఒకసారి చూడు. అందులో వాడు కదిలించగలిగింది ఏముంది? అదే పెట్టెను నాలుగు రెక్కలు తెరిచి వాడి ముందు పెట్టి ఉంటే దానికి లోపల ఉంది, బయట ఉంది, అడుగు ఉంది, మూత ఉంది, మోయడానికి బరువూ ఉంది.

ఇక పనిలోకి వద్దాం.

ముందు ఇంట్లో ఒక మూల చూసుకుని ఒక పెద్ద సంచి పెట్టు. వచ్చిన ప్రతి పెట్టెనూ అందులో వేయకు. నాలుగైదు రకాలు చాలు: మధ్యలో అలల్లాంటి ముడతలు ఉన్న గట్టి అట్టపెట్టెలు, సబ్బులూ టూత్‌పేస్టూ వచ్చే పలుచని అట్టపెట్టెలు, కాగితపు చుట్టల మధ్య ఉండే అట్టగొట్టాలు, వెడల్పాటి ప్లాస్టిక్ మూతలు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలు. సామాను చుట్టి వచ్చే గోధుమ రంగు కాగితం దొరికితే అది కూడా. రకాలకన్నా సంఖ్య ముఖ్యమని నా అనుభవం. ఒక్కొక్కటి ఒక్కోలా ఉన్న ఇరవై వస్తువులు ఇస్తే పిల్లవాడు ఒక్కోదాన్ని చూసి పక్కన పెడతాడు. ఒకే కొలత మూతలు ఇరవై ఇస్తే వరుస పేరుస్తాడు, దొంతర పెడతాడు, లెక్కపెడతాడు, గుండ్రంగా అమర్చి మధ్యలో కూర్చుంటాడు. అందుకని ఒకే రకం మూతలు, ఒకే రకం గొట్టాలు పోగయ్యేదాకా ఆగు. పోగయ్యాక కూడా సంచి మొత్తం వాడి ముందు కుమ్మరించకు. వారానికి రెండు మూడు రకాలు బయటపెట్టి, మిగిలినవి వాడి కంటికి కనబడకుండా ఉంచు.

పెట్టెలను మడిచి చదునుగా నిలవ చేయి. తడి తగిలిన అట్టకు బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. పాల డబ్బాలూ, పండ్ల రసం డబ్బాలూ పైకి అట్టలా కనిపించినా లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఎక్కువ కాలం నిలవ ఉండేవాటిలో పలుచని అల్యూమినియం పొర కూడా ఉంటుంది. వాటిని ఒక పక్క కోసి తెరిచి, సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే దాచు. వాటి మీద నీళ్ల రంగు అంటదు, మామూలు జిగురూ సరిగా పట్టదు. అవి నీళ్లాటకు బాగా పనికొస్తాయి. గుడ్లు వచ్చే అట్ట శుభ్రంగా ఉంటేనే ఉంచు, మరక కనిపిస్తే పారేయి.

ఒక విషయంలో మాత్రం నేను చాలా కఠినంగా ఉంటాను. మందుల పెట్టెలు, బట్టలుతికే పొడి డబ్బాలు, నేల తుడిచే ద్రావకాల సీసాలు, పురుగుమందులు, రంగుల డబ్బాలు, ఇవి ఎంత కడిగినా ఆటకు ఇవ్వకు. మిగిలిపోయిన చుక్క ప్రమాదం అని నీకూ తెలుసు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఖాళీ మందుల పెట్టెతో ఆడిన పిల్లవాడికి ఆ రంగు, ఆ ఆకారం ఆటవస్తువుగా మనసులో నిలిచిపోతుంది. రేపు అలమరలో నిండుగా ఉన్న పెట్టె కనిపిస్తే వాడు తన బొమ్మే అనుకుని తీస్తాడు. ఆటవస్తువుకీ ముట్టుకోకూడని వస్తువుకీ ముఖం ఒకటి కాకూడదు.

ఇంట్లో పది నెలల పాప ఉంది కాబట్టి కొలత ఒకటి చెబుతాను. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో గొంతుకు అడ్డుపడే చిన్న భాగాలు ఉన్నాయేమో చూడటానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక గొట్టాన్ని ఉపయోగిస్తారు. అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా పనికిరాదని తీసేస్తారు. టాయిలెట్ కాగితం చుట్ట మధ్యలో ఉండే అట్టగొట్టం ఇంతకన్నా కొంచెం వెడల్పు. కాబట్టి దాన్నే నీ కొలతగా పెట్టుకో. దాని గుండా జారిపోయేది పాప ఉన్న గదిలో నేల మీద ఉండకూడదు. సీసా మూతలు దాదాపు అన్నీ జారిపోతాయి, వాటిని బాబుకు కూడా పాప నిద్రపోయినప్పుడే ఇవ్వు. ప్లాస్టిక్ కవర్లూ, పలుచని ప్లాస్టిక్ పొరలూ ముక్కుకూ నోటికీ అతుక్కుపోతాయి, అవి సంచిలోకే రానివ్వకు. థర్మాకోల్ విరిగితే పూసలు పూసలుగా రాలి ఇల్లంతా పరుచుకుంటుంది, నోట్లోకి వెళ్తుంది. పెట్టెల అడుగున తేమను పీల్చుకోవడానికి పెట్టే చిన్న పొట్లాలు వెతికి తీసెయ్యి. పాట వినిపించే శుభాకాంక్షల కార్డుల్లాంటి వాటిలో నాణెం లాంటి బటన్ బ్యాటరీ ఉంటుంది. అది మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయగలదు. అలాంటివి సంచి దాకా రాకముందే ఇంట్లోంచి పంపించేయి. దుకాణాల బిల్లులు కూడా ఇవ్వకు, ఆ నున్నని కాగితం మీద రసాయనపు పూత ఉంటుంది, పిల్లల చేతులు ఎప్పుడూ నోట్లోనే ఉంటాయి.

ఒకసారి నా తరగతిలో ఒక బాబు అరచేతిలో పెట్టె అంచున ఉన్న పిన్ను దిగింది. పెట్టెను నేను చూశాను గానీ తడమలేదు. అప్పటినుంచి ప్రతి పెట్టె లోపలా బయటా, అతుకుల వెంబడి, మడతల కింద నా అరచేతితో నిదానంగా తడిమిన తర్వాతే పిల్లల చేతికి ఇచ్చాను. నువ్వూ అలాగే చేయి. కంటికి కనబడని పిన్ను చేతికి తెలుస్తుంది.

పెట్టెలను తిరగేయడం గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే రాసినట్టు. చిన్న పెట్టె ఏదైనా తీసుకుని దాని అతుకు ఎక్కడుందో చూడు. ఒక పక్కనే జిగురు గీత ఉంటుంది. దాన్ని మెల్లగా విప్పి, అట్టను పరిచి, అచ్చు ఉన్న వైపు లోపలికి వచ్చేలా వెనక్కి మడిచి మళ్లీ అంటించు. ఇప్పుడు బయటివైపు ఏమీ రాయని అట్ట. సబ్బు బొమ్మ ఉన్నంతసేపూ అది సబ్బు పెట్టే. బొమ్మ పోయాక అది ఇటుక కావచ్చు, రైలు పెట్టె కావచ్చు, మంచం కావచ్చు. రంగు వేస్తే పట్టుతుంది, గీస్తే కనిపిస్తుంది. నా పాత తరగతిలో ఇలా తిరగేసిన చిన్న పెట్టెలు రెండు వందలదాకా ఉండేవి. ఒక్కొక్క దానిలో నలిపిన కాగితం కూరి మూసేవాళ్లం, అప్పుడు దొంతర పెట్టినా నలిగేవి కావు. నువ్వు రాత్రిళ్లు ఏదైనా చేయాలనుకుంటే ఈ పని చేసుకో తల్లీ. ఆ పెట్టెలతో వాడు నెలల తరబడి ఆడతాడు.

ఇప్పుడు కోత. కత్తెర, కట్టర్ బ్లేడు గురించి నువ్వు భయపడ్డావని తెలుసు. మూడేళ్ల వాడికి మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెర ఇచ్చి పలుచని అట్ట అంచులను తునకలు తునకలుగా కత్తిరించనివ్వు, ఈ వయసులో అంతే వస్తుంది. నాలుగు దాటాక గీత వెంబడి వెళ్లగలుగుతాడు. గట్టి అట్ట మాత్రం నువ్వే కోయాలి, బ్లేడు ఎప్పుడూ నీ చేతిలోనే ఉండాలి. కానీ ఎక్కడ కోయాలో చెప్పే హక్కు వాడిది. వాడికి మైనపు రంగు పెన్సిలు ఇచ్చి, "ఎక్కడ తెరవాలో గీయి" అను. వాడు వంకరగా గీస్తాడు, నువ్వు వంకరగానే కోయి. పెట్టె అడుగున కిటికీ గీస్తే అడుగునే కోయి. ఇంతకాలంలో నేను నేర్చుకున్న వాటిలో నాకు చాలా విలువైనది ఇదే. ఒక బాబు ఒకసారి పెట్టె మూలలో, రెండు గోడలు కలిసే చోట అడ్డంగా గీశాడు. అక్కడ తలుపు పెడితే పెట్టె నిలబడదని నాకు తెలుసు. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుని కోశాను. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. వాడు దాన్ని చుట్టూ తిరిగి చూసి, ఒరిగిన వైపు ఒక సీసా ఆనించి, లోపలికి వెళ్లి కూర్చున్నాడు. నేను ముందే చెప్పి ఉంటే వాడికి ఆ సీసా ఆలోచన వచ్చేదా?

కోసేటప్పుడు అడుగున ఇంకో అట్ట వేసుకుని, బ్లేడును రెండో చేతికి దూరంగా లాగు. ఒక్కసారిగా తెగకపోతే అదే గీత మీద మూడుసార్లు తేలికగా లాగు. మడత కావాలంటే చెంచా వెనుక భాగంతో గీతను నొక్కి, ఆ గీత మీద మడువు. ముడతల అట్టను ముడతలు సాగే దిక్కులో మడిస్తే ఇట్టే వంగుతుంది, అడ్డంగా మడిస్తే మొండికేసి ఎగుడుదిగుడుగా విరుగుతుంది. ఇది వాడికి చెప్పకు. రెండు ముక్కలు ఇచ్చి వంచమను, కొన్ని రోజులకు వాడే పట్టేస్తాడు. పట్టేసిన రోజు వాడి ముఖం చూడు.

అతికించడంలో నాకు ఇష్టమైనది అసలు జిగురే లేని పద్ధతి. రెండు అట్టముక్కల్లో సగం ఎత్తుదాకా గాడి కోసి, ఒకదానిలో ఒకటి దూరిస్తే అడ్డంగా నిలబడతాయి. ఊడదీసి మళ్లీ వేరేలా దూర్చవచ్చు. అలాంటి ముక్కలు పదిహేను చేసి ఇస్తే వాటి ఆట ఎంతకాలం సాగుతుందో నేను చెప్పలేను. గొట్టాన్ని అట్టకు నిలబెట్టాలంటే గొట్టం అంచును వేలెడు లోతున చుట్టూ కత్తిరించి, ఆ రెక్కలను బయటికి మడిచి అంటించాలి. ఇది పెద్దవాళ్లకూ తట్టదు, ఎందరికో చూపించాను. టేపు కొంటే కాగితపు టేపే కొను. అది పిల్లలు చేత్తో చింపగలరు, నీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. మొదట్లో నువ్వు ముక్కలు చింపి బల్ల అంచుకు వరసగా అంటించి పెట్టు.

జిగురు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక వంతు మైదాకు నాలుగు వంతుల నీళ్లు. ముందు మైదాను కొంచెం చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మిగతా నీళ్లు మరుగుతుండగా పోసి, చిక్కబడి నిగనిగలాడే దాకా తిప్పు. చల్లారాక వాడు. రెండు మూడు రోజులకు మించి ఉంచకు. ఆరడానికి సమయం పడుతుంది కనుక బట్టల క్లిప్పులతో పట్టి ఉంచాలి. గోధుమ పడని పిల్లలు ఎవరైనా ఆడుకోవడానికి వస్తే మాత్రం ఇది బయటికి తీయకు. వేడి జిగురు తుపాకీ పిల్లలు ఉన్న గదిలో వద్దే వద్దు.

పాప సంగతి క్లుప్తంగా రాస్తాను, ఈ వయసులో దానికి కావలసింది కూడా క్లుప్తమే. మూతకు చిల్లు పెట్టిన డబ్బా, దానిలోంచి లాగడానికి గుడ్డముక్కలు. వేయడం, తీయడం, మళ్లీ వేయడం. దాచిన వస్తువు కంటికి కనబడకపోయినా ఉంటుందని పిల్లలకు మొదటి ఏడాది నుంచి క్రమంగా తెలిసివస్తుంది. ఆ ఎరుక ఎలా పెరుగుతుందో జాన్ పియాజే అనే మనస్తత్వవేత్త తన పిల్లలను గమనిస్తూ వివరించాడు. బంతిని పెట్టె కింద దాచి ఎత్తి చూపించు, అది వెతకడం మొదలుపెడితే ఆ ఎరుక కలుగుతోందన్నమాట. నిలబడి అడుగులు వేయడం మొదలుపెట్టాక, మడిచిన బట్టలు నింపిన పెట్టె ఒకటి ఇస్తే తోసుకుంటూ నడుస్తుంది. ఖాళీ పెట్టె అయితే జారి ముందుకు పోతుంది, పాప పడుతుంది.

బాబు దగ్గరికి వస్తాను. వాడు ఏం ఆడుతున్నాడో ఒక వారం చూడు, ఏమీ ఇవ్వకుండా చూడు. ఈ వయసు పిల్లల్లో ఒక్కొక్కరికి ఒక్కో పని మీద మనసు నిలుస్తుంది. కొందరు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వస్తువులు మోస్తూనే ఉంటారు. కొందరు ప్రతిదాన్నీ దేనిలోనో చుట్టి దాస్తారు. కొందరు విసురుతారు, దొర్లిస్తారు. వాడు మోసేవాడైతే తాడు కట్టిన పెట్టె ఇవ్వు, తాడు మెడకు చుట్టుకునేంత పొడవు ఉండకుండా చూసుకో. చుట్టేవాడైతే గోధుమ రంగు కాగితం, దూర్చడానికి చిన్న పెట్టెలు ఇవ్వు. దొర్లించేవాడైతే గొట్టాలు ఇచ్చి నువ్వు పక్కకు తప్పుకో.

దొర్లించే ఆట ఒకదాన్ని నేను ఎదురుగా కూర్చుని చూశాను. ఒక పాప కుర్చీ మీద నుంచి నేల దాకా గొట్టం ఆనించి, నలిపిన కాగితపు ఉండ వేసింది. ఉండ మధ్యలో ఇరుక్కుంది. గొట్టాన్ని ఊపింది, రాలేదు. ఇంకో ఉండ వేసి దాన్ని తోయాలని చూసింది, రెండూ ఇరుక్కున్నాయి. కర్ర కోసం వెతికింది, ఇంకో గొట్టంతో పొడిచి బయటికి తీసింది. ఉండను గట్టిగా నలిపి చిన్నది చేసింది. ఈసారి జారింది గానీ గొట్టం చివర ఆగిపోయింది. కుర్చీ మీద ఒక పెట్టె పెట్టి దాని మీద నుంచి గొట్టం వాల్చింది. ఉండ జర్రున వచ్చి గది చివరకు పోయింది. ఆ పాప లేచి నిలబడి, చప్పట్లు కొట్టకుండా, అరవకుండా, నా వైపు ఒకసారి చూసింది. మొత్తం ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో "ఇంకొంచెం ఎత్తు పెట్టు" అని చెప్పడానికి నా నోరు ఎన్నిసార్లు తెరుచుకుందో నాకే తెలుసు.

నీకూ అలాగే అవుతుంది. వాడు ఇబ్బంది పడుతుంటే వెంటనే చేయి వేయకు. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టు. అప్పటికీ వాడు నీ వైపు చూస్తే, "ఎక్కడ ఊడిపోతోంది?" అని అడుగు. పరిష్కారం చెప్పకు, ఇబ్బంది ఎక్కడుందో వాడినే చూపించమను. "ఇది ఏమిటి?" అన్న ప్రశ్న మాత్రం మానుకో. చాలాసార్లు అది ఇంకా ఏమీ కాదు, వాడు కేవలం మూతలు అతికిస్తున్నాడు. నువ్వు అడిగితే నీ సంతోషం కోసం ఏదో పేరు చెబుతాడు, ఆ పేరుకు కట్టుబడిపోతాడు. ఏదో ఒకటి మాట్లాడాలనిపిస్తే కళ్లకు కనిపించేదే చెప్పు: "పెద్ద మూత మీద చిన్న మూత పెట్టావు", "ఈ పక్క గరుకుగా ఉంది", "లోపల చీకటిగా ఉంది కదూ". లోపల, బయట, అంచు, అడుగు, నున్న, గరుకు, బరువు, తేలిక, ఈ మాటలన్నీ చేతిలో వస్తువు ఉన్నప్పుడే పిల్లలకు నిలుస్తాయి. నిన్న ఇల్లు అన్నదాన్ని ఇవాళ పడవ అంటే, "నిన్న ఇల్లు అన్నావుగా" అని గుర్తు చేయకు. నిన్నటి ఇల్లు నిన్న అయిపోయింది.

ఫ్రిజ్‌లాంటి పెద్ద వస్తువు పెట్టె దొరికితే అది పండుగే. దాన్ని కనీసం వారం రోజులు ఇంట్లో ఉండనివ్వు, నడవడానికి అడ్డమైనా సరే. మూత రెక్కలను పూర్తిగా కోసేయి, రెండు వైపులా దారి ఉండాలి, పిల్లలు లోపల ఉండగా ఏ వైపూ మూసుకుపోకూడదు. పొయ్యికీ దీపానికీ దూరంగా పెట్టు. వాహనాలు తిరిగే చోటికి, బండి నిలిపే చోటికి పెట్టెను అస్సలు తీసుకుపోనివ్వకు. లోపల పిల్లవాడు ఉన్నాడని బండి నడిపేవారికి తెలియదు, ఖాళీ పెట్టె అనుకుంటారు. ఈ ఒక్క మాట తాతయ్యకూ, పిల్లలను చూసుకునే ప్రతి ఒక్కరికీ చెప్పు.

పాప పాకుతూ వచ్చి అన్న కట్టినదాన్ని పడగొడుతోందని రాశావు. అది ఆగదు, ఈ వయసులో దానికి పడగొట్టడమే ఆట. వాడు నిలబెట్టుకోవాలనుకున్నవి బల్ల మీద కట్టుకోనివ్వు. పడగొట్టడానికే అని కొన్ని పెట్టెలు నేల మీద ఇద్దరికీ కలిపి పెట్టు, వాడు కడితే అది కూలుస్తుంది. కొన్నాళ్లకు వాడే పాపను పిలిచి మరీ కూల్పిస్తాడు చూడు.

వాడికి ఆరేడేళ్లు వచ్చాక, చక్రాలూ ఇరుసులూ గాలిమరలూ కావాలని అడిగినప్పుడు అరవింద్ గుప్తా చేసిన పనిని వెతికి చూడు. పారేసే వస్తువులతో బొమ్మలూ సైన్సు నమూనాలూ చేసే పద్ధతులను దశాబ్దాలుగా పిల్లలకు నేర్పుతూ, అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. అవి వరుసక్రమంలో చేయవలసినవి, ఇప్పుడే వద్దు.

పెట్టెలు నలిగిపోయాక ఎలా పారేయాలో కూడా ఆలోచించు, ఎందుకంటే చాలామంది తల్లులు పిల్లలు నిద్రపోయాక గుట్టుగా బయట పడేస్తారు. పొద్దున వెతుక్కునే పిల్లవాడికి అది మోసంలాగే అనిపిస్తుంది. వాడితోనే కూర్చో. "ఇది బాగా అలిసిపోయింది, విప్పేద్దామా?" అని అడుగు. విప్పడం వాడికి చాలా ఇష్టమైన పని అవుతుంది. టేపు ఊడలాగడం, ప్లాస్టిక్ మూతలు వేరు చేయడం, అట్టను పరిచి తొక్కి చదును చేయడం. పొడిగా శుభ్రంగా ఉన్న అట్టను మళ్లీ అట్ట తయారీకి తీసుకుంటారు, నూనె, రంగు బాగా పట్టినదాన్ని తీసుకోరు, కాబట్టి ఆ రెండింటినీ వాడితోనే విడదీయించు. వద్దని పట్టుబడితే ఆ ఒక్కటీ ఉంచు. నా తరగతిలో ఒక అర ఖాళీగా ఉండేది, ఏది ఉంచాలో పిల్లలే నిర్ణయించేవారు. ఆ అర నిండితే, కొత్తది పెట్టాలంటే పాతది ఏది తీయాలో కూడా వాళ్లే చెప్పేవారు. ఒక బాబు ఏడాదంతా ఒక చిల్లులు పడ్డ గొట్టాన్ని తీయనివ్వలేదు. ఎందుకో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక రాకెట్. దాన్ని పారేయమని నేను అనను, నీ రాత్రంతా అందులో ఉంది. రేపు ఉదయం బాబుకు రంగు పెన్సిలు ఇచ్చి, రాకెట్‌కు తలుపు ఎక్కడ కావాలో గీయమని అడుగు. మొదట నమ్మడు, నీ ముఖం చూస్తాడు. మళ్లీ అడుగు. నువ్వు అంత ఓపికగా కలిపిన అంచు మీదుగానే గీస్తే కూడా అక్కడే కోయి. తర్వాత ఇంకో ఫోటో పంపు. అందులో రాకెట్ కనిపించకపోయినా ఫరవాలేదు, వాడి చేతులు కనిపించాలి.

పిల్లలిద్దరికీ నా ముద్దులు.

ఆశీస్సులతో,
నీ మేనత్త